రోజంతా వాన, నీళ్లు సున్నా

ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నేను సంతకం పెట్టనన్నది ఒక్కసారే. అది కూడా నా పని మీదే. ప్రోగ్రాము నేను రాసిందే, లెక్క నేను నడిపిందే, కాగితం కింద అచ్చయి ఉన్న పేరూ నాదే. పెన్ను చేతిలో పెట్టారు. పెట్టనన్నాను. గ్రాఫిక్స్ కార్డుల మీద లెక్కలు చేయించడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీ పై అధికారులు చదివినా నాకేమీ అభ్యంతరం లేదు.

ముందు నా అడ్రసు చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా ఆ అడ్రసుదే. మాది ముంబయిలో కామాటిపురా, పడుపు వీధులని దేశమంతా చెప్పుకునే పేట. ఆ మాట వినగానే ఎదుటివాళ్ల కళ్లు ఎటు తిరుగుతాయో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కామాటీలంటే పాలమూరు నుంచి వచ్చి ఈ నగరాన్ని రాయి మీద రాయి పేర్చి కట్టిన మా వాళ్లు. పేరు మాది, అపకీర్తి ఇంకెవరెవరిదో. పరిశోధన సంస్థలో చేరిన మొదటి వారం ఒక పెద్దమనిషి దయతలచి, ఫారంలో పక్కపేట పేరు నాగ్‌పాడా అని రాసుకో అమ్మా, బాగుంటుంది అన్నాడు. నేను కామాటిపురా అనే రాశాను, సందు నంబరుతో సహా. గడిలో పట్టకపోతే అక్షరాలు గడి దాటించాను.

మునిసిపాలిటీ తెలుగు బడిలో మొదలైన చదువు నాది. టైపు కొట్టే ఉద్యోగంతో లోపలికి వెళ్లి, నాలుగేళ్లలో ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని, చివరికి లెక్కల మిషిన్లు ఉండే విభాగంలో సహాయకురాలిగా స్థిరపడ్డాను. శాస్త్రవేత్తలు సూత్రాలు రాస్తారు, మేము వాటిని మిషిన్‌కు అర్థమయ్యేలా చెప్తాం. వాళ్ల పేర్లు పత్రాల మీద పడతాయి. మా పేర్లు హాజరుపట్టీలో పడతాయి.

రిటైరవడానికి ఏడాది ముందు మా చేతిలో ఉన్న పని ముంబయి వరద లెక్క. నగరాన్నంతా చిన్నచిన్న గళ్లుగా కోసి, ఒక్కో గడిలో ఎంత వాన పడింది, పక్క గడిలోకి ఎంత పారింది, సముద్రం పోటు మీద ఉంటే కాలవల్లో నీళ్లు ఎంత వెనక్కి తన్నాయి అని సెకనులో ఇరవయ్యో వంతుకు ఒకసారి లెక్క కట్టాలి. పాత మిషిన్ దీనికి రోజున్నర తీసుకునేది. నిన్నటి వాన గురించి మా వాళ్లు రేపు చెప్తారని క్యాంటీన్‌లో నవ్వుకునేవారు.

అప్పుడు గ్రాఫిక్స్ కార్డులొచ్చాయి. ఆటల్లో బొమ్మలు పరిగెత్తించడానికి తయారుచేసినవి. ఒక గొప్ప మేస్త్రీ బదులు వేలమంది కూలీలను ఒకేసారి పనిలోకి దింపినట్టు ఉంటుంది వాటి పద్ధతి. గళ్ల లెక్కలకు అంతకన్నా ఏం కావాలి? చిక్కు ఒకటే. ఆ కార్డులు ఏడంకెల సంఖ్యలతో గుర్రంలా పరిగెడతాయి. పాత మిషిన్ వాడే పదహారంకెల సంఖ్యలిస్తే నత్తలా నడుస్తాయి. మా విభాగం పెద్దసారు ఒక్క మాటలో తేల్చేశారు. రోడ్డు మీద నీళ్లు కొలవడానికి పదహారంకెలెందుకు, ఏడు చాలు అన్నారు.

ఆ రోజు నేను అడ్డు చెప్పానని రాసుకుంటే ఎంత బాగుండేదో. చెప్పలేదు. నాకూ ఆ వేగం నచ్చింది. ప్రోగ్రాములో పదహారంకెలున్న ప్రతిచోటా ఏడంకెలు చేసింది ఈ చేతులే. వెనకటి ఒక కుండపోత వాన రోజును తీసుకుని సరిచూశాం. ఎక్కడెక్కడ మునిగిందో అక్కడక్కడే మునిగింది. రోజున్నర లెక్క నలభై నిమిషాల్లో అయిపోయింది. పెద్దసారు పేడాలు పంచారు. నేను రెండు తిన్నాను.

ఆ తర్వాత నగర కార్యాలయం వాళ్లు ఒక పని అప్పజెప్పారు. వానాకాలం రాకముందే ఏ సందుల్లో నీళ్లు తోడే పంపులు పెట్టాలో నిర్ణయించాలి. యాభై రకాల వానలను, రకరకాల పోటు వేళలతో కలిపి నడిపి, మునిగే సందుల నక్ష ఇవ్వాలి. నక్షలో నీలం రంగు పడ్డ సందుకు పంపు వస్తుంది, తెల్లగా ఉన్నదానికి రాదు. యాభై లెక్కలూ నడిపి, నక్ష అచ్చు వేసి, ఒక కాపీ ఇంటికి తెచ్చుకున్నాను. గొప్ప చూపించుకోవడానికే తెచ్చానని ఒప్పుకుంటున్నాను.

మా చాల్‌లో అంటే గదికో కుటుంబం ఉండే పాత మేడలో, కింది గదిలో నాకు వరసకు వదినయ్యే ఒకామె ఉంటుంది. అరవయ్యేళ్లకు దగ్గరపడ్డ నన్ను ఇప్పటికీ పిల్లా అని పిలిచేది ఆమె ఒక్కతే. పక్షవాతం వచ్చి మంచాన పడిన అత్తను పదకొండేళ్లుగా చూసుకుంటోంది. వానాకాలం వస్తే మంచం కాళ్ల కింద ఇటుకలు పెడుతుంది. నీళ్లు పెరిగితే ఇంకో వరుస పెడుతుంది. ఆ ముసలమ్మను మెట్ల మీదుగా మోసుకెళ్లడానికి వీలుకాదు, ఆ మెట్ల ఇరుకు మీకు తెలియదు. ఇక మా చాల్‌లో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా నీళ్లు ఎంతవరకు వచ్చాయో మెట్ల పక్క గోడ మీద కింది గది ఆడవాళ్లు జాజుతో గీత గీస్తారు. గడపలు అలికే ఎర్ర జాజే. మా అవ్వ కాలం నుంచీ ఉన్న గీతలున్నాయి అక్కడ.

వదిన నక్షను వెలుతురులో పట్టుకుని చూసింది. ఆమె చదువుకోలేదు గానీ ఫోరస్ రోడ్డు ఎక్కడుందో, మా సందు ఎక్కడుందో వేలితో చూపించింది. మా సందు తెల్లగా ఉంది.

"గిదేం నక్ష పిల్లా? మన గల్లీ ఎండినట్టున్నది."

పెద్ద వానలన్నీ పోసి చూశామని, మిషిన్ తప్పు చెయ్యదని చెప్పాను. ఆమె మెట్ల గోడ వైపు చూపించింది.

"పెద్ద వానకు మనకేం గాదు. ఉరికొస్తది, ఉరికిపోతది. రెండో దినం సన్న వాన వడ్తది సూడు, తెరిపి లేకుంట. అప్పుడు భర్తి ఎక్కితె నీళ్లు లోపలికొస్తయి. గీ గీతలన్ని సన్న వానయే. నీ మిషిను సన్న వానను లెక్కవెట్టిందా?"

భర్తి అంటే సముద్రం పోటు, మరాఠీ నుంచి మా నోట్లోకి వచ్చిన మాట. నాకు కోపమొచ్చింది. వేల కూలీల బలమున్న మిషిన్‌ను, దాన్ని నడిపిన నన్ను, జాజు గీతలు అడ్డం పెట్టి ఈమె ప్రశ్నించడమేమిటని. నక్ష మడిచి లాక్కుని పైకి వచ్చేశాను. కోపం పొద్దుటి బస్సులో చల్లారింది. చల్లారాక ఆ ప్రశ్న ఒక్కటే మిగిలింది. నేను సన్న వానతో మిషిన్‌ను ఒక్కసారి కూడా సరిచూడలేదు.

ఆఫీసుకు వెళ్లగానే చిన్న పరీక్ష పెట్టాను. ఒకే ఒక గడి. నాలుగు వైపులా గోడలు, నీరు బయటికి పోయే దారి లేదు. ఎత్తు మా సందు ఎత్తే. గంటకు ఐదు మిల్లీమీటర్ల సన్న వాన, ఇరవై నాలుగు గంటలు. నోటి లెక్కే, నూట ఇరవై మిల్లీమీటర్లు. చీలమండ మునిగే నీళ్లు.

మిషిన్ సున్నా చెప్పింది.

అంకెలు తప్పు కొట్టాననుకుని మళ్లీ నడిపాను. మూడోసారి నడిపాను. రోజంతా వాన పడింది, ఒక్క చుక్క నిలవలేదు.  ఎందుకో అర్థం కావడానికి పది నిమిషాలు పట్టింది, సిగ్గు మాత్రం ఇంకా తగ్గలేదు.

కారణం చెప్తాను, కష్టమేం కాదు. ముంబయిలో నేల ఎత్తులను సముద్రం నుంచి కాక, దానికి ఎంతో దిగువన పెట్టుకున్న పాతకాలపు ఒక గుర్తు నుంచి కొలుస్తారు. ఆ కొలతలో మా సందు ఇరవై ఏడు మీటర్ల చిల్లర. ఏడంకెల్లో రెండు ఆ ఇరవై ఏడుకే పోయాయి. మిగిలిన ఐదంకెలతో మిల్లీమీటరులో నూరో వంతు దాకా చెప్పగలం. సెకనులో ఇరవయ్యో వంతులో పడే సన్న వాన అంతకన్నా ఎన్నో రెట్లు సన్నం. దాన్ని ఇరవై ఏడుకు కలిపితే మళ్లీ ఇరవై ఏడే వస్తుంది. రోజులో పదిహేడు లక్షల సార్లకు పైగా కలిపింది మిషిన్, అన్నిసార్లూ పారేసింది. కుండపోత వాన అయితే చివరి అంకెను అందుకుంటుంది, పైగా మిషిన్ దాన్ని ఇంకాస్త పెద్దది చేసి చూపిస్తుంది. అందుకే మా మొదటి పరీక్ష అంత బాగా కుదిరింది. పేడాలు దానికే తిన్నాం.

పెద్దసారు దగ్గరికి వెళ్లాను. నగర కార్యాలయం వాళ్లతో సమావేశం మర్నాడే. ఆయన విని, అవన్నీ చిన్న సందులు, వాళ్లకు పెద్ద కూడళ్లు చాలు అన్నారు. పదహారంకెలకు మారిస్తే ఒక్కో లెక్కకు ఎనిమిది గంటలు పడుతుంది, యాభై లెక్కలకు రెండు వారాలు దాటుతుంది అన్నారు. అదీ నిజమే. గోడ మీద గీతల సంగతి చెప్పాను. గీతలు డేటా కావు అని ఇంగ్లీషులో అన్నారు. తెలుగులో అయినా అదే అర్థం అనుకుంటాను.

మర్నాడు గదిలో ఐదుగురం. నగర కార్యాలయం నుంచి ఇద్దరు, వాళ్లలో ఒకాయన తల నెరిసిన ఇంజనీరు. మా పెద్దసారు, నేను, మా విభాగంలో కొత్తగా చేరిన మరాఠీ శాస్త్రవేత్త అమ్మాయి. ఆ అమ్మాయి నన్ను తాయి అని పిలిచేది, అంటే అక్క. లెక్కను సరిచూశామని ధ్రువపత్రం ముందు పెట్టారు. నడిపినవాళ్ల సంతకం కింద, పెద్దల సంతకం పైన. పెద్దసారు తనది పెట్టేసి పెన్ను నాకిచ్చారు.

నేను పెన్ను మూత పెట్టి బల్ల మీద పెట్టాను. లెక్క తప్పని, ఆ తప్పు నాదేనని, సంతకం పెట్టనని చెప్పాను. పెద్దసారు నవ్వే ప్రయత్నం చేశారు. ఈవిడ కొద్ది నెలల్లో రిటైరవుతున్నారు, కామాటిపురాలో ఉంటారు, సొంత ఇంటి మీద బెంగ అని వాళ్లకు వివరించారు.

అప్పుడు నాకు భయం పోయింది. ముప్పై నాలుగేళ్లు ఆ అడ్రసును ఫారం మీద దాచుకోనిదాన్ని, ఆ గదిలో దాచుకుంటానా?

"అవును సార్. మా సందు కోసమే అడుగుతున్నాను. మీ సందులో పడ్డ వానను మిషిన్ పారేస్తే మీరు అడగరా?"

చేతి కంకణానికి అద్దమెందుకని, ఐదు నిమిషాలివ్వమన్నాను. ఆ ఒంటి గడి పరీక్షనే గోడ మీది తెరపై పెట్టాను. ఇంజనీరుగారిని కాగితం మీద గుణించమన్నాను. ఆయన ఐదును ఇరవై నాలుగుతో గుణించి నూట ఇరవై రాసి, కింద గీత గీశారు. నేను మిషిన్ నడిపాను. తెర మీద సున్నా వచ్చింది.

ఆయన తన కాగితాన్నీ తెరనూ మార్చి మార్చి చూశారు.

"వాన ఎక్కడికి పోయింది?" అన్నారు.

"పారేశాం సార్," అన్నాను.

 ఆయన కాగితం మడిచి, నక్ష నాలుగు రోజుల్లో కావాలి, సరిచేయగలరా అని అడిగారు. పెద్దసారు కుదరదన్నారు. నేను కుదురుతుందన్నాను. ఎలాగో నాకు అప్పటికే తెలుసు. నాకు ఆ ఉపాయం ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆ తర్వాత తెలిసింది, నేను పుట్టకముందే పెద్దపెద్ద వాళ్లు అలాంటిదే రాసి పెట్టారట. నాకు చెప్పింది మా అవ్వ.

అవ్వ జీవితమంతా కట్టడాల దగ్గర ఇసుక మోసింది. ఇసుకను చెక్క పెట్టెతో కొలిచేవారు. నిండిన పెట్టె ఒకటని మేస్త్రీ లెక్క. ఒక్కో ఆడమనిషి తట్టలో అడుగున మిగిలిన పిడికెడు ఇసుకను అందరూ కుప్ప మీద దులిపేసేవారు. అవ్వ అలా దులపనిచ్చేది కాదట. పక్కన ఒక ఖాళీ తట్ట పెట్టి, మిగులంతా అందులో వేయించేది. దాన్ని చిల్లర తట్ట అనేవాళ్లు. అది నిండగానే పెట్టెలో పోసి మేస్త్రీ చేత లెక్క చెప్పించేది. సాయంత్రానికి వాళ్ల జట్టు పేరున ఒక పెట్టె ఎక్కువ తేలేది. ఎందుకంత చాదస్తమని చిన్నప్పుడు నేను అడిగితే అంది కదా:

"కుప్ప మీద పిడికెడు ఏస్తే కుప్పకు తెలుస్తదా? తట్టల ఏస్తే తెలుస్తది."

నేను చేసింది అంతే. ప్రతి గడికీ నీటిమట్టం పక్కన ఇంకో చిన్న సంఖ్యను పెట్టాను. ఇరవై ఏడుకు అంటని సన్న వాన అందులోకి వెళ్తుంది. అక్కడ పెద్ద సంఖ్య ఏదీ లేదు కాబట్టి ఏడంకెలూ దానికే దక్కుతాయి. పోగైనది చివరి అంకెను అందుకోగానే మట్టంలోకి వెళ్తుంది, ఇంకా మిగిలింది తట్టలోనే ఉంటుంది. రెండు ఏడంకెల సంఖ్యలు కలిసి దాదాపు పదహారంకెల పని చేస్తాయి, గుర్రం గుర్రంలాగే పరిగెడుతుంది. ప్రోగ్రాములో ఆ సంఖ్యకు తట్ట అనే పేరు పెట్టాను. మరాఠీ అమ్మాయి పక్కనే కూర్చుని ప్రతి వరుసా చదివింది.

నడిపితే మళ్లీ సున్నా.

అక్కడ నిజంగా నా ధైర్యం పోయింది. సమావేశంలో అంత మాట అని వచ్చాక, రెండు రోజులు మిగిలి ఉండగా, తెర మీద అదే గుండు సున్నా. పెద్దసారు గుమ్మంలోంచి తొంగిచూసి, గోడ గడియారం చూసి వెళ్లిపోయారు.  మధ్యాహ్నం భోజనం డబ్బా తెరవకుండా కూర్చున్నాను. ఆ అమ్మాయి మాత్రం లేవలేదు. నా ప్రోగ్రామును కంపైలర్ మిషిన్ భాషలోకి మార్చాక ఏం మిగిలిందో వరుస వరుసా వెతికింది. మూడు గంటలప్పుడు నా భుజం తట్టింది.

"తాయి, మీ తట్టను కంపైలర్ ఊడ్చేసింది," అంది.

నేను రాసింది, ఒక సంఖ్యకు ఇంకోటి కలిపి, మళ్లీ మొదటిది తీసేసి, ఎంత పోయిందో చూడమని. బడి లెక్క ప్రకారం అలా చేస్తే పోయేదేమీ ఉండదు. కంపైలర్‌కు వేగంగా చెయ్యి అనే మీట ఒకటుంటుంది. అది నొక్కి ఉంటే బడి లెక్కను నమ్మి, ఇదంతా దండగ పని అని తీసిపారేస్తుంది. ఆ మీట ఎవరు నొక్కారు? వెతకనవసరం లేదు. నలభై నిమిషాలను ముప్పై ఎనిమిది చేద్దామన్న ముచ్చటలో ఆరు నెలల కిందట నేనే నొక్కాను. ఇద్దరం చాలాసేపు నవ్వాం. నవ్వి, మీట తీసేసి, నడిపాం.

తెర మీద నూట ఇరవై వచ్చింది.

నాకు ఏడుపొచ్చింది. చీరకొంగుతో తుడుచుకుంటూ కూర్చుంటే ఆ అమ్మాయి తన డబ్బా కూడా తెచ్చి నా ముందు పెట్టింది. ఒక్కో లెక్కకు నలభై బదులు యాభై నిమిషాలు పట్టింది. యాభై లెక్కలూ గడువుకు మూడు గంటల ముందు ముగిశాయి. కొత్త నక్షలో మా సందు నీలమైంది. మా ఒక్క సందే కాదు, నగరమంతటా ఎక్కడెక్కడివో లోతట్టు సందులు నీలమయ్యాయి. ఆ కాగితం మీద సంతకం పెట్టాను, గడి దాటేలా.

నివేదిక అచ్చయి వచ్చాక చూస్తే, సన్న వాన విషయంలో లోపాన్ని విభాగం సకాలంలో గుర్తించి సవరించింది అని ఉంది. విభాగమట. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. బాధ పడలేదని అనను. పడ్డాను. కానీ ప్రోగ్రాములో తట్ట పక్కన నేనొక వరుస రాసి వచ్చాను. దీన్ని తీసేద్దామనిపిస్తే, ముందు కామాటిపురాలో ఒక రోజు సన్న వానలో నిలబడి రా అని. ఆ అమ్మాయి ఇప్పుడు ఆ పనికంతటికీ పెద్ద. మిషిన్లు రెండుసార్లు మారాయట, ఆ వరుస మాత్రం మారలేదట.

ఆ వానాకాలం మా సందు మొదట్లో పంపు పెట్టారు. పెద్ద వాన వచ్చింది, పోయింది. రెండో రోజు సన్న వాన పట్టుకుంది, తెరిపి లేకుండా. మధ్యాహ్నానికి పోటు ఎక్కింది. వదిన మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టుకుని గడప దగ్గర కూర్చుంది. నేను మెట్ల మీద కూర్చున్నాను. సందులో పంపు చప్పుడు, లోపల ముసలమ్మ దగ్గు. నీళ్లు గుమ్మం బయటి మెట్టు అంచు దాకా వచ్చాయి. అక్కడే సాయంత్రం దాకా ఊగిసలాడి, వెనక్కి పోయాయి.

వదిన జాజు కలిపిన గిన్నె పట్టుకుని గోడ ముందు నిలబడింది. గీతలన్నీ ఆమె మోకాలి ఎత్తులో, నడుము ఎత్తులో ఉన్నాయి.

"ఏం గియ్యాలె పిల్లా? లోపలికి రానే రాలె కద. ఈ ఏడు ఇడిసిపెడ్దామా?"

"ఇడిసిపెట్టకు వదినా," అన్నాను. "సున్న అయినా గియ్యాలె."

ఆమె కొంగు దోపుకుని, కిందికి వంగి, గోడా నేలా కలిసేచోట వేలితో గీత గీసింది.